వరుసంతా ఎడమచేతివాటమే

ఎలిసియో ఆ నేరం పట్టపగలే చేశాడు. తలుపు గడియ పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, భార్య రెయెస్ మిరపచేను వైపు వెళ్ళిపోయిందని రెండుసార్లు తొంగిచూసి మరీ చేశాడు. సాక్షి ఒక్కటే. సాంతా ఫే పట్నంలో రెయెస్ ముచ్చటపడి కొనుక్కున్న నిలువుటద్దం.

నలభై రెండేళ్ళ మనిషి, ఒంటిమీద బనీనుతో, కుడిచేతిలో సొరబుర్ర గిలక్కాయ, ఎడమచేతిలో పచ్చకొమ్మ పట్టుకుని, కుడికాలెత్తి ఆ అద్దం ముందు కొంగలా నిలబడ్డాడు. కాసేపు తనను తాను చూసుకున్నాడు. ఒక్క గెంతులో బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం మీద సన్నటి గీత గీశాడు. మళ్ళీ వచ్చి కాలెత్తాడు. అలా మూడు రోజులు.

ఇందులో నేరమేముందని ఆ ఆదివాసీ ఊళ్ళో ఎవరూ అడగరు. అక్కడ నాట్యం జరుగుతుండగా బొమ్మ గీయకూడదు. మనిషిని నిలబెట్టి చూసి గీసే అలవాటూ లేదు. ఆడింది, చూసింది మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి తెల్లకాగితం మీద నీటిరంగులతో దించాలి. బొమ్మలో వెనక కొండలుండవు, ఇళ్ళుండవు, కాళ్ళ కింద నేల కూడా ఉండదు. ఒట్టి తెలుపు మీద నాట్యగాళ్ళు మాత్రమే ఉంటారు, ఈక ఈకా, గవ్వ గవ్వా లెక్కపెట్టుకోవచ్చన్నంత స్పష్టంగా. జ్ఞాపకంలో లేనివాడు కుంచె పట్టుకోవడమెందుకని అక్కడివాళ్ళ ఉద్దేశం.

ఎలిసియో జ్ఞాపకంలో ఒక చిన్న చిక్కుంది. ఇరవై ఏళ్ళుగా మొక్కజొన్న నాట్యంలో అతని చోటు మగవాళ్ళ వరుసకు చిట్టచివర. ముందు మేనమామ కొడుకు సిప్రియానో ఉంటాడు. సిప్రియానో కాలు లేస్తే ఇతని కాలు లేస్తుంది, దిగితే దిగుతుంది. రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఎలిసియో ఇన్నేళ్ళూ తన నాట్యంలోని గాంభీర్యం అనుకున్నాడు. కాబట్టి మొక్కజొన్న నాట్యం గురించి అతని జ్ఞాపకాన్ని బట్ట పిండినట్టు పిండితే రాలేది ఒక్కటే, సిప్రియానో మడమలకు కట్టుకునే నలుపూ తెలుపూ బొచ్చుపట్టీలు.

అంతకుముందు అతను జింకలు గీశాడు, కుండలు మోసే ఆడవాళ్ళను గీశాడు, గుర్రాలు గీశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. సాంతా ఫేలో బొమ్మల దుకాణం నడిపే తెల్లావిడ ఈసారి మగవాళ్ళ వరుస మొత్తం కావాలంది. పన్నెండు మంది. "ఓ, దానిదేముంది" అన్నాడు ఎలిసియో. తనకు తెలియని పనులన్నిటికీ అతను ఆ మాటే అంటాడు.

అద్దం కుడిని ఎడమ చేస్తుందని ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఎలిసియోకూ తెలుసు. కానీ మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడ్డవాడికి తెలిసినవన్నీ గుర్తుండవు.

సాంతా ఫే పోటీలో ఆ బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది, నీలం రిబ్బనుతో సహా. ఆ సంతోషంలో దుకాణం ఆవిడ దాన్ని వచ్చే ఏడాది క్యాలెండర్ మీద అచ్చు వేయించింది. జూలై నెలలోనే ముప్ఫై కాపీలు ఎలిసియో చేతికొచ్చాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక జేబులో సుత్తి, ఇంకో జేబులో మేకులు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మీకెందుకు శ్రమ, నేనే తగిలిస్తానంటూ ముప్ఫై ఇళ్ళ గోడలకు తన చేత్తోనే మేకులు కొట్టాడు. దొంగతనం చేసినవాడు దొంగసొత్తును ఊరంతా ప్రదర్శనకు పెట్టడం అతనికి ముందు ఆ ఊళ్ళో ఎవరూ చేయలేదు.

చివరి ఇల్లు అత్తగారు ఎపిమేనియాది. ఆవిడ రొట్టెపిండి పిసుకుతూ క్యాలెండర్ వంక చాలాసేపు చూసింది. అల్లుడు పొగడ్త కోసం తల కొంచెం పక్కకు వంచి నిలబడ్డాడు.

"వీళ్ళది ఏ ఊరు అల్లుడూ?"

"మనూరే అత్తా. చూడు, గవ్వల దండలు కూడా మనవే."

"అవును, దండలు మనవే." ఆవిడ పిండి చేత్తోనే బొమ్మ వైపు చూపించింది. "నా వయసుకి నేను మనూళ్ళో ఎడంచేతివాటం వాళ్ళని ఇద్దర్ని చూశాను. నువ్వు పన్నెండు మందిని ఎక్కడ పట్టుకొచ్చావయ్యా?"

ఎలిసియో చూశాడు. గిలక్కాయ ఎడమచేతిలో ఉంది. పచ్చకొమ్మ కుడిచేతిలో ఉంది. లేచింది ఎడమకాలు. పన్నెండు మందికీ, ఒక్కడు కూడా తప్పిపోకుండా. అంత కచ్చితంగా అతను జన్మలో ఏ పనీ చేయలేదు.

క్యాలెండర్లు వెనక్కి తెచ్చుకుందామని పరిగెత్తాడు. కానీ మేకులు తనే గట్టిగా కొట్టాడు, ఊడిరావు. మూడో ఇంటికి వెళ్ళేసరికే వార్త అతన్ని దాటిపోయింది. వీధిలో సిప్రియానో ఎదురై చాలా మర్యాదగా ఎడమచెయ్యి చాచాడు.

"కుడిచేత్తో ఇస్తే నీకు కొత్తగా ఉంటుందేమోనని, బావా."

సాయంత్రానికి కబురొచ్చింది. మర్నాడు పెద్దల ముందుకు రావాలి.

ఇది నవ్వులాట కాదని ఎలిసియోకు తెలుసు. రెండేళ్ళ కిందట పక్కవీధి మనిషి ఒకతను బయటివాళ్ళకు చూపించకూడనిది గీశాడు. పెద్దలు అతన్ని తిట్టలేదు, కొట్టలేదు, ఇక నాట్యాలు గీయవద్దన్నారు, అంతే. ఇప్పుడతను కంచె రాటలు పాతుకుంటున్నాడు. అతని రంగుబిళ్ళలు పెట్టెలో పగుళ్ళిచ్చాయి. ఎలిసియోకు చేతనైన పని లోకంలో ఒక్కటే. కుంచె లేకపోతే అతను మిరపచేనులో రెయెస్‌కు అడ్డు తగలడానికి తప్ప దేనికీ పనికిరాడు. ఆ మాట రెయెస్సే చాలాసార్లు చెప్పింది, ప్రేమగానే.

మర్నాడు పెద్దలు ఆరుగురు గోడవారగా కూర్చుని ఉన్నారు. చివర్లో ఉన్నది నాట్యం నడిపించే అగాపితో అనే ముసలాయన. సిప్రియానో తండ్రి, ఎలిసియోకు స్వయానా మేనమామ. డెబ్భై దాటిన మనిషి. కళ్ళకు పొర కమ్మి మనుషుల ముఖాలు ఆనవు కానీ, అడుగుల చప్పుడును బట్టి వచ్చిందెవరో చెబుతాడు. మధ్యలో నేలమీద క్యాలెండర్ పరిచి ఉంది. ఎలా జరిగిందని అడిగారు.

నిజం చెబుదామనే ఎలిసియో నోరు తెరిచాడు. అద్దం అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళు ఆడినవాడివి, గిలక్కాయ ఏ చేతిలో ఉంటుందో తెలుసుకోవడానికి అద్దం చూశావా అని వాళ్ళు అడగడం కూడా చెవుల్లో వినిపించింది. అంతే, నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"కావాలనే చేశాను."

ఇక ఎలిసియో ఆగలేదు. బయటివాళ్ళకు మన నాట్యం ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే మన దగ్గర మిగిలేదేమిటన్నాడు. వాళ్ళు చూసి మురిసిపోవచ్చు, నేర్చుకోవడానికి మాత్రం వీల్లేకుండా చేశానన్నాడు. ఒక్కో చెయ్యీ మార్చేటప్పుడు ప్రార్థించుకున్నానన్నాడు. మాట్లాడుతున్నకొద్దీ అతనికే తనమీద గౌరవం పెరిగిపోయింది. సగం దూరం వెళ్ళేసరికి నిజంగా అలాగే జరిగిందేమో అనిపించింది కూడా.

పెద్దలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈ రోజుల్లో ఇంత ముందుచూపు ఎవరికుందని ఒకాయన తల ఊపాడు. రెండో ఆయన క్యాలెండర్‌ను నేలమీంచి తీసి దుమ్ము దులిపాడు. బతికి బయటపడ్డానని ఎలిసియో గుమ్మం వైపు కదలబోయాడు.

సరిగ్గా అప్పుడే అగాపితో గొంతు సవరించుకున్నాడు.

"ఇంత తెలిసినవాణ్ణి ఇన్నేళ్ళూ తోక దగ్గర పెట్టాను. తప్పు నాదే. ఈసారి పండక్కి వరుసలో ముందు నువ్వే నిలబడాలిరా అల్లుడూ. నీ అడుగులు చూశాక నీ బొమ్మల సంగతి తేల్చుకుందాం."

పండగ తొమ్మిది రోజుల్లో ఉంది.

ఎలిసియో ఇంటికొచ్చి మంచమెక్కాడు. ముందు నిలబడటమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. ముందు ఎవరి మడమలూ ఉండవు. వెనక పదకొండు మంది, వాళ్ళ పక్కన ఆడవాళ్ళ వరుస, మేడల మీద ఊరంతా, బయటూళ్ళ చుట్టాలు. తను తప్పటడుగు వేస్తే వెనక వరుసంతా వేస్తుంది. ఊరి నాట్యం మొత్తం అతని కాలికింద నలిగిపోతుంది. ఆపైన కుంచె కూడా పోతుంది.

నాలుగో రోజున అతని చీలమండ బెణికింది. అంటే, బెణికిందని చెప్పాడు. రెయెస్ వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చింది. ఎపిమేనియా కూర్చుని గుర్రాలకు రాసే మందుతో ఆ కాలు రుద్దింది. అరగంటకు ఎలిసియో తనకు నయమైపోయిందన్నాడు. ఆవిడ ఇంకో అరగంట రుద్దింది.

"కుంటేది ఈ కాలేనా అల్లుడూ? పొద్దున రెండో కాలు కుంటుతూ కనిపించావే."

రోజూ సాయంత్రం నిచ్చెన మీదుగా నేల కింద ఉండే పూజగది, కివాలోకి దిగి సాధన చేస్తున్నారు. ఎలిసియో ముందు నిలబడి భుజం మీంచి వెనక్కి చూస్తూ ఆడుతున్నాడు. వెనకవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. మెడ మాత్రం పట్టేసింది. ఇది ఏ కొత్త నాట్యమో అర్థంకాక కుర్రాళ్ళు దగ్గుల్లో నవ్వు దాచుకుంటున్నారు. అగాపితో గోడకు ఆనుకుని అంతా వింటున్నాడు. ఏమీ అనడు. అది తిట్టుకంటే ఘోరంగా ఉంది.

పండగకు రెండు రోజుల ముందు పొద్దున్నే ఎలిసియో కాలువగట్టున అగాపితోను పట్టుకున్నాడు. ముసలాయన మడిలోకి నీళ్ళు మళ్ళిస్తున్నాడు. ఎలిసియో ఎదురుగా కూలబడి అద్దం, బనీను, కొంగ వాటం, మూడు రోజులు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. దుప్పటి సంగతి కూడా దాచలేదు.

అగాపితో పార మీద గడ్డం ఆనించి విన్నాడు.

"అద్దమా," అన్నాడు చివరికి. "ఎలా జరిగిందా అని నేనూ అనుకుంటున్నాను."

"అంటే... నేను అబద్ధం చెప్పానని నీకు ముందే తెలుసా మామా?"

"ఒరేయ్, ఇరవై ఏళ్ళుగా నీ అడుగులు వింటున్నాను. మద్దెల ఒకటంటే మా అందరి కాళ్ళూ ఒకటంటాయి. ఆ తర్వాత ఇంకోటి వినిపిస్తుంది, చివర్నుంచి. అది నువ్వు. తెలిసి తప్పు చెయ్యాలంటే ముందు ఒప్పు తెలియాలి కదరా."

ఎలిసియో తల దించుకున్నాడు. మరి తెలిసీ ముందెందుకు నిలబెట్టావని అడిగాడు. నవ్వులపాలు చేయడానికేనా అన్నాడు.

"నువ్వు చూసే మనిషివి. కాళ్ళు కనిపిస్తే చూస్తావు, కనిపించకపోతే అద్దంలో చూస్తావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పాట వినలేదు. ముందు నిలబడితే చూడ్డానికేముంటుంది? దుమ్ము. ఇక వినక చస్తావా?"

నన్ను వెనక్కి పంపించెయ్యి మామా అని ఎలిసియో బతిమాలాడు. పెద్దలకు నేనే నిజం చెబుతానన్నాడు. అగాపితో పార భుజాన వేసుకున్నాడు. నీ నోటి మాట వాళ్ళు ఒకసారి విన్నారు, ఇప్పుడు నీ కాళ్ళు చెప్పేది విననీ, అని ఇంకో మడికి నీళ్ళు మళ్ళించడానికి వెళ్ళిపోయాడు.

పండగరోజు పొద్దున నుంచే ఎండ చుర్రుమంది. ఇంటింటా మట్టిపొయ్యిల్లోంచి రొట్టెల వాసన, ఎర్రమిరప కూర ఘాటు. ఎలిసియో నడుముకు తెల్లబట్ట, వెనక వేలాడే నక్కతోలు, మెళ్ళో గవ్వలు, చేతులకు పచ్చకొమ్మలు కట్టుకుని బజారులోకి నడిచాడు. గిలక్కాయ కుడిచేతిలోనే ఉందని దారిలో నాలుగుసార్లు చూసుకున్నాడు.

మద్దెల మోగింది. పాటగాళ్ళు అందుకున్నారు. ఎదురుగా నిజంగానే దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ దుమ్ములో ఒక పసుపురంగు కుక్క పడుకుని అతన్ని చూస్తోంది.

మొదటి ఆట ఎలాగో దాటింది. చెవులు అంత గట్టిగా పని చేయడం అతనికి అలవాటు లేదు, నుదురు నొప్పి పుట్టింది. పాటలో ఒకచోట మద్దెల ఆగి, ఊపిరి తీసుకుని, దెబ్బ మారుస్తుంది. తెలిసినవాళ్ళ కాలు ఆ ఆగిన చోట గాలిలోనే ఉండి కొత్త దెబ్బతో దిగుతుంది. మొదటిసారి అదృష్టం బాగుండి దిగింది. రెండో ఆటలో దిగలేదు. మద్దెల ఆగింది, ఎలిసియో ఆగలేదు. కుడికాలు దించేశాడు, కంగారుపడి ఎడమది ఎత్తాడు. మేడల మీద వందలమంది కళ్ళముందు, వరుసకు ముందు, నిక్షేపంగా ఎడమకాలు గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. క్యాలెండర్‌లో బొమ్మ లాగే.

ఒంటికి నలుపూ తెలుపూ చారలు పూసుకున్న పండగ విదూషకులు అప్పటికే బజారులో తిరుగుతున్నారు. ఆ రోజు వాళ్ళకు పేర్లుండవు, చుట్టరికాలుండవు. ఏడాది పొడవునా ఊళ్ళో ఎవరేం చేశారో వాళ్ళకు తెలుసు. దాన్ని పదిమందిలో పెట్టి నవ్వించడం వాళ్ళ పని. వాళ్ళమీద కోపం తెచ్చుకోవడం వడగళ్ళ మీద కోపం తెచ్చుకోవడం లాంటిది. వాళ్ళలో ఒకడు వచ్చి ఎలిసియో పక్కన నిలబడ్డాడు. అచ్చం అతనిలాగే ఎడమకాలెత్తాడు, అచ్చం అతనిలాగే తూలాడు. మేడల మీద నవ్వు మొదలైంది. చారల మనిషి నోటిమీద వేలేసుకుని అందర్నీ ఊరుకోమన్నాడు.

"నవ్వకండి. బయటివాళ్ళు చూస్తున్నారని మనవాడు కావాలనే తప్పుగా వేస్తున్నాడు. ఇంత కష్టపడి మన గుట్టు ఇంకెవడు కాపాడతాడు?"

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఎపిమేనియా శాలువా చెంగులో ముఖం దాచుకుంది. గోడవారన కూర్చున్న పెద్దల్లో క్యాలెండర్ దుమ్ము దులిపినాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంటే అందరికీ తెలుసు. ఆ రోజు నుంచీ తెలుసేమో కూడా. ఇంత గొప్పగా అబద్ధమాడాననుకున్నది తనొక్కడే.

నాట్యంలో ఉన్నవాడు నవ్వకూడదు. ఎలిసియో పళ్ళు బిగించాడు. పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. దాన్ని ఆపడంలో పడి భయపడటం మర్చిపోయాడు. మద్దెల మాత్రం మోగుతూనే ఉంది. ఒక దెబ్బ మీద అతని కుడికాలు దానంతటది లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. చారల మనిషి కాసేపు పక్కనే ఆడి, జారిపోతున్న పచ్చకొమ్మను అతని మోచేతికి గట్టిగా ముడివేసి, ఇంకెవరి కొంప ముంచడానికో వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఇంకో రెండుసార్లు తప్పాడు. ఆ తర్వాత ఒకసారి తప్పబోయి తప్పలేదు.

పండగ వెళ్ళిన వారానికి ఎలిసియో కాగితం ముందు కూర్చున్నాడు. పెద్దలు ఇంకా ఏమీ తేల్చలేదు. ఒక బొమ్మ గీసి తెమ్మని అగాపితో ద్వారా కబురు చేశారు. అద్దం గోడ వైపు తిప్పి పెట్టాడు. తీరా చూస్తే ఆ రోజు నాట్యంలో ఎవరు ఎలా ఉన్నారో అతనికి ఏమీ గుర్తులేదు. కనబడింది ఒక కుక్క, కాస్త దుమ్ము. పాట మాత్రం మొత్తం ఉంది. దాన్నే సన్నగా గొణుక్కుంటూ గీశాడు. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ లేచి రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు. రెయెస్ తలుపు దగ్గర నిలబడి చూసి, ఈసారి గడియ వేసుకోలేదే అని మాత్రం అంది.

బొమ్మను అగాపితో ఇంటికి తీసుకెళ్ళాడు. ముసలాయన దాన్ని కళ్ళకు బెత్తెడు దూరంలో పెట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపాడు. ఏ చేతిలో ఏముందని అడగలేదు.

"ఇది పాటలో ఎక్కడ?"

ఎలిసియో ఆ ముక్క పాడి వినిపించాడు. మద్దెల ఆగే చోట ఆగాడు. అగాపితో కుర్చీలోనే కుడికాలు కొంచెం ఎత్తి, దించాడు. మళ్ళీ బొమ్మ చూశాడు.

"పదకొండు మందికి కుడికాలు లేచింది. ఈ ముందువాడికేంట్రా, ఎడమకాలు?"

"అది నేను మామా."

ముసలాయన కాగితం మీద వేలితో ముందువాడి వెనక ఉన్నవాళ్ళను తడిమాడు.

"నిన్ను చూసి వీళ్ళెవరూ తప్పు వెయ్యలేదే?"

"నన్నెవరు చూస్తారు? వాళ్ళు పాట వింటున్నారు." చెప్పాక ఎలిసియోకు తన తొమ్మిది రోజుల బెంగ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఊరి నాట్యమంతా తన కాలిమీదే నిలబడి ఉందని మంచం పట్టాడు. ఆ కాలు ఉన్నా లేకున్నా నాట్యం నడిచిపోయింది.

అగాపితో కూడా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వి, బొమ్మ తిరిగి ఇచ్చేశాడు.

"గియ్యి. పెద్దలకు నేను చెబుతాను. నాట్యాలే గియ్యి."

ఎలిసియో కాగితం గుండెకు హత్తుకుని లేచాడు.

"ఇంకోటి. ముందు చోటు నీదే. ఒక పండక్కి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క తప్పూ లేకుండా ఆడిన ఏడాది వెనక్కి పంపిస్తాను."

ఎలిసియో గుమ్మంలో ఆగి వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఈసారి మూడు తప్పులు. ఏడాదికొకటి తగ్గితే మూడేళ్ళు. తన సంగతి తనకు తెలుసు కాబట్టి ఆ మూడును ముప్ఫై చేసి, ఇక చచ్చేదాకా ముందే నిలబడాలని తేల్చుకుని, ఇంటిదారి పట్టాడు.